చనిపోయిన బిడ్డ పేరు మీద

సభకు నమస్కారం. మాజీ సైనికులకు, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన అమ్మలకు, అందరికంటే ముందు మొదటి వరుసలో కూర్చున్న అమర జవాన్ల కుటుంబాలవారికి నమస్కారం.

చీకటి పడ్డాక మనం కొవ్వొత్తులతో టవర్ క్లాక్ దాకా నడవబోతున్నాం. ఈలోగా కాసేపు మాట్లాడమని నిర్వాహకులు నన్ను అడిగారు. ఇలాంటి సభల్లో మైకు ఎప్పుడూ నాలాంటివాళ్ల చేతిలోనే ఉంటుంది. కొడుకును పోగొట్టుకున్న తల్లిని వేదిక మీదికి పిలుస్తారు, శాలువా కప్పుతారు, ఫొటో తీస్తారు, ఆమె దండం పెట్టి దిగిపోతుంది. ఎప్పుడైనా మాట్లాడమన్నా, ఆమె నోటి నుంచి ఏ మాట రావాలో ముందే అనుకుని ఉంటాం. "ఇంకో కొడుకుంటే వాణ్ని కూడా సైన్యానికే పంపుతాను" అనాలి. ఆ మాట అంటే చప్పట్లు మోగుతాయి. అదే తల్లి "నా కొడుకు ఎందుకు చనిపోయాడో నాకు చెప్పండి" అంటే? "వాడి పేరు చెప్పి ఇంకొకరి కొడుకును చంపకండి" అంటే? అప్పుడు ఆమెకు ఏం జరుగుతుందో చెప్పడానికే నేను నిలబడ్డాను.

ఇరవై ఏళ్ల కిందట అమెరికాలో ఒక తల్లి సరిగ్గా ఈ మాటే అంది.

2003 మార్చిలో అమెరికా ఇరాక్ మీద దాడికి దిగింది. సద్దాం హుస్సేన్ దగ్గర సామూహిక విధ్వంసక ఆయుధాలు ఉన్నాయన్నది అప్పుడు చెప్పిన ప్రధాన కారణం. దేశాన్ని ఆక్రమించాక మూలమూలా గాలించారు. ఆ నిల్వలు లేవని 2004లో అమెరికా సొంత తనిఖీ బృందమే తేల్చింది. ఈ సంగతి తేలకముందే, ఆ ఏడాది ఏప్రిల్ 4న, బాగ్దాద్‌లోని సదర్ సిటీలో కేసీ షీహాన్ అనే 24 ఏళ్ల కుర్రవాడు చనిపోయాడు. అతను సైన్యంలో వాహనాలు బాగుచేసే మెకానిక్. ఇరాక్‌లో దిగి కొన్ని వారాలే అయింది. శత్రువుల మధ్య చిక్కుకున్న తోటివారిని తప్పించడానికి వెళ్లిన బృందంలో ఉండి, తిరిగి రాలేదు.

అమెరికాలో మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి ఒక ఆచారం ఉంది. ఇంట్లో ఒకరు యుద్ధంలో ఉంటే కిటికీలో చిన్న జెండా వేలాడదీస్తారు. దాని మీద నీలి నక్షత్రం ఉంటుంది. ఆ మనిషి చనిపోతే నీలం కనిపించకుండా పైన బంగారు రంగు నక్షత్రం కుడతారు. వీధిలో పోయేవారికి కిటికీ చూస్తే చాలు, ఆ ఇంట్లో ఏం జరిగిందో అర్థమవుతుంది. కేసీ తల్లి సిండీ షీహాన్ అలాంటి ఇళ్లవారిని కొందరిని కలుపుకుని, 'గోల్డ్ స్టార్ ఫ్యామిలీస్ ఫర్ పీస్' అనే సంస్థ పెట్టింది.

2005 ఆగస్టు 3న ఇరాక్‌లో రోడ్డు పక్కన పెట్టిన ఒక్క బాంబుకు 14 మంది మెరైన్ సైనికులు బలయ్యారు. వారు ఘనమైన ఆశయం కోసం ప్రాణాలిచ్చారని అధ్యక్షుడు జార్జ్ బుష్ అన్నాడు. ఆయన అప్పుడు టెక్సస్ రాష్ట్రంలో, క్రాఫర్డ్ దగ్గరున్న తన పొలంలో సెలవులు గడుపుతున్నాడు. క్రాఫర్డ్ జనాభా వెయ్యి కూడా ఉండదు. ఆగస్టు 6న సిండీ అక్కడికి బయలుదేరింది. ఆ ఆశయం ఏమిటో తనకు ముఖాముఖి చెప్పాలన్నది ఒక్కటే ఆమె కోరిక.

పోలీసులు గేటు దాకా పోనివ్వలేదు. ఆమె రోడ్డు పక్కనే కూర్చుంది. టెక్సస్‌లో ఆగస్టు ఎండ మన మే నెల ఎండకు తీసిపోదు. సాయంత్రం అధ్యక్షుడి దగ్గరి అధికారులు ఇద్దరు వచ్చి ముప్పావు గంట మాట్లాడి వెళ్లారు. సమాధానం మీరు చెబితే చాలదు, ఆయనే చెప్పాలి అంది. ఆయన రాలేదు. ఆమె లేవలేదు. మరునాటి నుంచి ఒక్కొక్కరే రావడం మొదలైంది. కొడుకు పోయిన తండ్రులు, భర్త ఇంకా ఇరాక్‌లోనే ఉన్న భార్యలు, వియత్నాం యుద్ధం చూసి వచ్చిన ముసలి సైనికులు. రోడ్డు వారన శిబిరం వెలిసింది. దానికి చనిపోయిన కుర్రవాడి పేరే పెట్టారు, క్యాంప్ కేసీ అని. దారి పొడవునా తెల్లటి చెక్క శిలువలు నాటి, ఒక్కొక్క దాని మీద ఒక్కొక్క సైనికుడి పేరు రాశారు. ఆగస్టు 17 రాత్రి దేశమంతటా ఎన్నో ఊళ్లలో జనం కొవ్వొత్తులు పట్టుకుని వీధుల్లో నిలబడ్డారు. ఇవాళ మన చేతుల్లో వెలిగేవి కూడా ఆ వరుసలోవే.

ఇక ఆమెకు ఏం జరిగిందో వినండి. దేశద్రోహి అన్నారు. కొడుకు చావును అమ్ముకుంటోందన్నారు. ఒకడు రాత్రిపూట ట్రక్కు తెచ్చి ఆ శిలువల మీదుగా నడిపాడు. వాటి మీద ఉన్నవి తన దేశపు సైనికుల పేర్లే! దేశభక్తి పేరుతో చేసిన పని అది.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. యుద్ధ వ్యతిరేక సభల్లో దీన్ని సాధారణంగా దాటేస్తారు. ఇరాక్‌లోనే కొడుకును పోగొట్టుకున్న ఒక తండ్రి క్యాంప్ కేసీకి వచ్చి, తన కొడుకు పేరున్న శిలువను పెరికి తీసుకుపోయాడు. నా కొడుకు నమ్మి వెళ్లాడు, వాడి పేరు మీ నిరసనలో ఉండడానికి వీల్లేదు అన్నది ఆయన వాదం. ఆయన యుద్ధాన్ని సమర్థిస్తూ ఊళ్లో వేరే శిబిరం కూడా పెట్టాడు. నేను యుద్ధం వద్దనేవాణ్ని. అయినా ఆ తండ్రి చేసింది న్యాయమే అంటాను. ఆ పేరు ఆయన ఇంటిది. అడగకుండా రాయకూడదు, మనం రాసినా సరే, ప్రభుత్వం రాసినా సరే.

ఈ మాట ప్రభుత్వాలకు గట్టిగా చెప్పాలి. ఆ ఆగస్టు 22న బుష్ ఒక సభలో మాట్లాడుతూ, చనిపోయిన సైనికులకు మనం రుణపడి ఉన్నామని, వారు ప్రాణాలిచ్చిన పనిని పూర్తి చేస్తామని అన్నాడు. వినడానికి ఎంత గౌరవంగా ఉంది! కాని ఆ మాటను ఆచరణలో పెడితే ఏమవుతుంది? ఇంతమంది పోయారు కాబట్టి ఇంకొంతమంది పోవాలి. వారు పోయాక వారి రుణం తీర్చడానికి ఇంకొంతమంది. ఆయన ఆ మాట అన్ననాటికి ఇరాక్‌లో చనిపోయిన అమెరికన్ సైనికులు 2,000 మంది లోపే. 2011 చివర్లో సైన్యం వెనక్కి వచ్చేసరికి ఆ సంఖ్య 4,500కు చేరువైంది. హింసలో చనిపోయిన ఇరాక్ పౌరులు లక్షకు పైమాటే. వారి తల్లులు ఏ రోడ్డు పక్కన కూర్చోవాలి? ఎవరిని అడగాలి?

ఈ రుణం లెక్క రాయలసీమలో పుట్టినవారికి ఒకరు నేర్పనక్కర్లేదు. ఫ్యాక్షన్ చూసిన పల్లెల్లో శవం లేవకముందే వసారాలో మగవాళ్లు చేరి తర్వాతి సంగతి మాట్లాడుకునేవారు. తాళి తెంచుకున్న ఆడమనిషి లోపలి గదిలో ఉండేది. ఆమెను అడిగేవారు లేరు. పదేళ్ల పిల్లవాణ్ని పిలిచి, తండ్రి రక్తం ఊరికే పోకూడదని చెవిలో నూరిపోసేవారు. ఆ పిల్లవాడు పెద్దయ్యేదాకా ఆ మాట వింటూనే ఉండేవాడు. అలాంటి ఇళ్ల నుంచి కొందరు తల్లులు కొడుకుల్ని బళ్లారికో బెంగళూరుకో, చుట్టాల ఇళ్లకు దాటించారు. భూమి బీడు పడినా, ఊళ్లో మాటలు పడినా, వాణ్ని తిరిగి రానివ్వలేదు. వారి గురించి ఎవరూ పాట కట్టలేదు. కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల్లో పగలు చల్లారాయంటే పోలీసులు, చదువులు, వలసలు ఎంత కారణమో, ఆ తల్లుల మొండితనమూ అంతే కారణమని నేను నమ్ముతాను.

సైన్యాన్ని ఫ్యాక్షన్‌తో పోలుస్తున్నానని ఎవరూ అపార్థం చేసుకోవద్దు. సైనికుడు రాజ్యాంగానికి కట్టుబడి, మనందరి తరఫున నిలబడతాడు. నేను పోల్చేది ఆ వసారాను. పోయిన మనిషి ఇంటివారిని లోపల కూర్చోబెట్టి, బయటివారు లెక్కలు తేల్చే ఆ పద్ధతిని.

ఆ వసారా ఇప్పుడు టీవీలోకి, ఫోన్లలోకి వచ్చింది. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని పొట్టనపెట్టుకున్నారు. పెళ్లయి కొద్ది రోజులే అయిన ఒక నౌకాదళ అధికారి వారిలో ఉన్నాడు. భర్త మృతదేహం పక్కన కూర్చున్న అతని భార్య ఫొటోను దేశమంతా పంచుకుంది, కన్నీరు పెట్టింది. కొన్ని రోజులకు ఆమె నోరు విప్పింది. దోషులకు శిక్ష పడాలి, కాని ముస్లింల మీద, కశ్మీరీల మీద ద్వేషం వద్దు, మాకు శాంతి కావాలి అంది. అంతే. ఆ ఫొటో పంచుకున్న ఫోన్ల నుంచే బూతులు మొదలయ్యాయి. చివరికి జాతీయ మహిళా కమిషన్ కలగజేసుకుని, ఆ వేధింపులు తగవని చెప్పాల్సి వచ్చింది. ఆమె కన్నీళ్లు మనకు కావాలి, ఆమె అభిప్రాయం అక్కర్లేదు. ఇంతకంటే అన్యాయం ఉంటుందా?

తర్వాత మే నెలలో సరిహద్దు మండింది. ఆ నాలుగు రోజుల్లో కొన్ని ఛానళ్లు కరాచీ రేవు ధ్వంసమైపోయిందని కూడా చెప్పాయి. అది జరగనే లేదు. అదే సమయంలో నియంత్రణ రేఖ దగ్గర జరిగిన కాల్పుల్లో మన ఉమ్మడి అనంతపురం జిల్లా బిడ్డ నిజంగానే ప్రాణం వదిలాడు. స్టూడియోలో యుద్ధం కావాలని అరిచినవారు మరుసటి వారం వేరే విషయానికి వెళ్లిపోయారు. ఆ ఇంటివారు ఎక్కడికి వెళ్తారు?

ఉగ్రదాడి జరిగితే దేశం చేతులు కట్టుకుని కూర్చోవాలా అని మీలో కొందరు అడగొచ్చు. అది న్యాయమైన ప్రశ్న. సైన్యమే వద్దనే మనిషిని నేను కాను. తప్పనిసరి అనుకున్నప్పుడు కూడా, మిగతా దారులన్నీ వెతికారా లేదా అని అడిగే మొదటి హక్కు బిడ్డను పంపిన ఇంటిది. ఆ ప్రశ్న అడిగిన నోరు మూయించే హక్కు ఎవరికీ లేదు. రష్యాలో 1995లో సైనికుల తల్లులు ఆ హక్కును నడిచి సాధించారు. చెచెన్యా యుద్ధంలో కొడుకుల జాడ చెప్పేవారు లేక, మాస్కో నుంచి చెచెన్యా రాజధాని గ్రోజ్నీ వైపు శాంతియాత్రగా కదిలారు. బందీలుగా ఉన్న పిల్లల్ని వెతుక్కుంటూ కొందరు తల్లులు నేరుగా యుద్ధభూమిలోకే వెళ్లారు.

డబ్బు సంగతి కూడా ఒక్క నిమిషం. మన కరువు నేల నుంచి సైన్యానికి వెళ్లే పిల్లల్లో చాలామందికి ఇప్పుడు అగ్నిపథ్ ఒక్కటే ద్వారం. 2022లో వచ్చిన ఆ పథకంలో నాలుగేళ్ల కొలువు, ఆపైన నాలుగో వంతు మందికి మించి కొనసాగింపు లేదు. కొలువులో ఉండగా చనిపోతే 48 లక్షల బీమా, ఆ చావుకు విధులే కారణమైతే దానిపైన 44 లక్షల పరిహారం ఇస్తారు. కాని అదే తూటాకు, అదే కందకంలో చనిపోయిన రెగ్యులర్ సైనికుడి కుటుంబానికి వచ్చే పింఛను అగ్నివీర్ కుటుంబానికి లేదు. యుద్ధం వద్దనేవారు, కావాలనేవారు కలిసి అడగాల్సిన విషయం ఇది.

సిండీ షీహాన్ కొడుకు బీమా డబ్బుతో 2006లో ఆ క్రాఫర్డ్‌లోనే ఐదెకరాలు కొంది, ఎవరూ తనను రోడ్డు మీద నుంచి లేపకుండా. కొడుకు మరణం తర్వాత ఆమె అధ్యక్షుణ్ని ఒక్కసారి మాత్రం కలిసింది. అది 2004లో, ఓదార్పు కోసం ఏర్పాటు చేసిన సమావేశంలో. ప్రశ్నతో వచ్చిన రోజు నుంచి ఆయన ఆమెను కలవలేదు.

నా సమయం అయిపోయింది. ఇప్పుడు మైకు మొదటి వరుసకు ఇస్తున్నాను. మాట్లాడాలనుకున్నవారే మాట్లాడతారు, ఇష్టం లేనివారిని ఎవరూ బలవంతపెట్టవద్దు. వారిలో ఎవరైనా యుద్ధం తప్పదని అన్నా సరే, మధ్యలో అడ్డు తగలకుండా చివరిదాకా వినండి. నడకలో ముందు కుటుంబాలవారు ఉంటారు. వారు అనుమతి ఇచ్చిన ఫొటోలు, పేర్లు మాత్రమే మనం పట్టుకుంటాం.