నాడి పట్టుకోవద్దన్న డాక్టరు

అందరికీ నమస్కారం.

నిర్వాహకులు నాకిచ్చిన విషయం ‘వైద్య చరిత్ర ఈ రోజుల్లో మనకెందుకు’ అని. అంత పెద్ద ప్రశ్నను మొత్తంగా మోసే శక్తి నాకు లేదు. నేను ముప్పై ఏళ్ళకు పైగా మత్తు డాక్టరుగా పనిచేసినవాణ్ణి. ఆపరేషన్ అయ్యాక పేషెంటు స్వీటు డబ్బా తెచ్చి సర్జన్‌గారి చేతిలో పెడతాడు. మత్తు ఇచ్చినవాడి మొహం అతనికి గుర్తుండదు. గుర్తుండకుండా చేయడమే మా ఉద్యోగం కాబట్టి నాకు ఫిర్యాదేమీ లేదు. నాకు తెలిసిన ఒక్క కథ చెబుతాను. అది ఈ హైదరాబాద్‌లోనే, ఇక్కడి నుంచి ఆటోలో వెళ్ళేంత దూరంలోనే జరిగింది.

దాని మొదలు మాత్రం ఇంగ్లండులో. 1848 జనవరి 28న న్యూకాజిల్ దగ్గర ఒక పల్లెలో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ళ పిల్లకు కాలి గోరు తీయాల్సి వచ్చింది. అప్పటికి ఎడిన్‌బరోలో సింప్సన్ అనే డాక్టరు క్లోరోఫాం అనే మత్తుమందు వాడి మూడు నెలలు కూడా కాలేదు. కుర్చీలో కూర్చోబెట్టి, గుడ్డ మీద ఒక చెంచాడు క్లోరోఫాం పోసి ముక్కు దగ్గర పెట్టారు. కొద్ది నిమిషాల్లో పిల్ల చనిపోయింది. క్లోరోఫాం వల్ల పోయినట్టు రికార్డుల్లో ఉన్న మొదటి మనిషి ఆమే. ఇంకో మాట కూడా ఆ చావు మీద జరిగిన విచారణలో నమోదైంది: ఆపరేషన్ అంటే ఆ పిల్ల చాలా భయపడింది, ఏడ్చింది. ఈ భయం సంగతి గుర్తుపెట్టుకోండి. దీని దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఆ తర్వాత ఇలాంటి చావులు అక్కడక్కడా జరుగుతూనే వచ్చాయి. పెద్ద ఆపరేషన్లలో కాదు. పన్ను పీకేటప్పుడు, గోరు తీసేటప్పుడు, మత్తు ఇవ్వడం మొదలుపెట్టిన రెండు మూడు నిమిషాల్లోనే. ఎందుకు చనిపోతున్నారు? ఇక్కడ డాక్టర్లు రెండు వర్గాలయ్యారు. లండన్‌వాళ్ళు గుండె ఆగిపోతోందన్నారు, అందుకని నాడి మీద వేలు పెట్టి ఉంచమన్నారు. ఎడిన్‌బరోవాళ్ళు ముందు ఊపిరి ఆగుతుంది, గుండె తర్వాత ఆగుతుంది, కాబట్టి ఊపిరి చూసుకుంటే చాలన్నారు. లండన్ వర్గంలో జాన్ స్నో ఉన్నాడు. లండన్‌లో కలరా ఒక పంపు నీళ్ళ వల్ల వస్తోందని పట్టుకున్న ఆ స్నోయే. ఆయన జీవనాధారం మత్తు ఇవ్వడం, విక్టోరియా రాణి కాన్పుకు క్లోరోఫాం ఇచ్చింది ఆయనే. పంపు పుణ్యమా అని ఆయన పేరు అందరికీ తెలిసింది గానీ, ఆయన మావాడని చాలామందికి తెలియదు. అందుకే వీలు దొరికినప్పుడల్లా చెబుతుంటాను.

ఇప్పుడు హైదరాబాద్‌కు వద్దాం. 1880ల్లో ఇక్కడ రెసిడెన్సీకి, అంటే బ్రిటిష్ ప్రతినిధి కార్యాలయానికి, సర్జన్‌గా ఎడ్వర్డ్ లారీ ఉండేవాడు. మెడికల్ స్కూలుకు ప్రిన్సిపాల్ కూడా. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఆయన చేతికిందే నడిచేది. 1908 మూసీ వరదలో కొట్టుకుపోయిన ఆస్పత్రి అదే; ఉస్మానియా ఆస్పత్రి దాని వారసురాలు. లారీ ఎడిన్‌బరోలో చదివినవాడు, గురువు సైమ్ మాట ఆయనకు వేదం. ఆయన వేలమందికి క్లోరోఫాం ఇప్పించి, ప్రమాదం లేకుండా బయటపడ్డానని ధీమాగా ఉండేవాడు. విద్యార్థులకు ఆయన నేర్పింది ఒక్కటే: నాడి పట్టుకోవద్దు, ఊపిరి మీద నుంచి కన్ను తీయొద్దు.

నమ్మకం ఒక్కటే ఉంటే ఆయన గురించి ఇవాళ చెప్పుకునేవాళ్ళం కాదు. ఆయన పరీక్ష పెట్టాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం డబ్బిచ్చింది. 1888లో మొదటి క్లోరోఫాం కమిషన్ వందకు పైగా కుక్కల మీద ప్రయోగాలు చేసి, ప్రతిసారీ ఊపిరే ముందు ఆగిందని తేల్చింది. లండన్‌లో లాన్సెట్ అనే వైద్య పత్రిక దీన్ని ఒప్పుకోలేదు. అప్పుడు జరిగిన పని నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది. మీరు నమ్మే మనిషినే పంపండి, ఖర్చు మాది అంటూ నిజాం ప్రభుత్వం వెయ్యి పౌండ్లు ఇచ్చింది. తప్పు పట్టినవాణ్ణే సొంత ఖర్చుతో పిలిపించుకోవడం మాటలు కాదు. ఇవాళ ఏ మందుల కంపెనీ చేస్తుంది చెప్పండి?

లాన్సెట్ లాడర్ బ్రంటన్‌ను పంపింది. మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయన్న శాస్త్రంలో ఆయనది ఆనాటి పెద్ద పేరు. పైగా గుండె వర్గం మనిషి. 1889 చివర్లో వచ్చి, వారాల తరబడి పనిచేశాడు. కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు, పిల్లులు, కుందేళ్ళు, అన్నీ కలిపి నాలుగు వందలకు పైగా. రక్తపోటు ఎలా మారుతోందో యంత్రంతో గీతలు గీయించి, వాటికి ఫొటోలు తీయించారు. ఆ రోజుల్లో అంత పెద్ద ప్రయోగం ప్రపంచంలో ఇంకెక్కడా జరిగి ఉండదని నా అనుమానం. ఈ పనిలో రూపాబాయి ఫర్దూంజీ కూడా పాలుపంచుకుంది. ఇక్కడి మెడికల్ స్కూల్లో చదివిన పార్సీ అమ్మాయి. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టరని ఆమెను చెబుతారు. ఈ ఊళ్ళో మత్తు వైద్యం చదివే పిల్లల్లో ఎంతమందికి ఆమె పేరు తెలుసో చేతులెత్తమని అడగాలనుంది, కానీ మీ పరువు తీయను.

చివరికి బ్రంటన్ మనసు మార్చుకున్నాడు. క్లోరోఫాం వల్ల ప్రమాదమంతా ఊపిరాడకపోవడం వల్లో, మోతాదు ఎక్కువ కావడం వల్లోనే, గుండె మీద నేరుగా ఏమీ లేదని లండన్‌కు తంతి కొట్టాడు. లారీ గెలిచాడు.

కానీ లారీ చెప్పింది తప్పు.

తొందరపడి నవ్వకండి. నేను ఈ కథ మొదటిసారి చదివినప్పుడు నవ్వాను, తర్వాత సిగ్గుపడ్డాను. వాళ్ళు మోసం చేయలేదు. గీతలు తారుమారు చేయలేదు. జంతువుల సంఖ్య తక్కువా కాదు. ఎదుటి వర్గం మనిషిని పక్కనే కూర్చోబెట్టుకున్నారు. ఇవాళ మనం మంచి పరిశోధనకు పెట్టే షరతుల్లో సగానికి పైగా వాళ్ళు పాటించారు. మరి ఎక్కడ జారారు?

జవాబు రావడానికి ఇరవై ఏళ్ళు పైనే పట్టింది. మధ్యలో అనుమానాలు రాకపోలేదు. 1890లోనే అబర్దీన్‌లో మాక్‌విలియం అనే శాస్త్రవేత్త క్లోరోఫాం గుండెను నేరుగా దెబ్బతీస్తుందని చూపించాడు. అసలు ముడి విప్పింది మాత్రం 1911లో గుడ్‌మన్ లెవీ అనే డాక్టరు. ఆయన పిల్లులకు క్లోరోఫాం కొద్దిగానే ఇచ్చి, మత్తు పూర్తిగా ఎక్కకముందే కాస్త అడ్రినలిన్ ఎక్కించాడు. గుండె కొట్టుకోవడం మాని ఉత్తినే వణకడం మొదలుపెట్టింది. రక్తం ముందుకు పోదు, ప్రాణం పోతుంది. అదే మత్తు బాగా లోతుగా ఉంటే గుండె అలా వణకలేదు.

అడ్రినలిన్ అంటే భయపడ్డప్పుడు మన ఒంట్లో ఊరేదే. ఇప్పుడు ఆ కుర్చీలో ఏడుస్తున్న హానా గ్రీనర్‌ను గుర్తు చేసుకోండి. మత్తు ఇంకా పైపైనే ఉంది, గుండెల నిండా భయం ఉంది.

హైదరాబాద్‌లో జంతువులకు మత్తు లోతుగా ఇచ్చారు, చాలాసార్లు చచ్చేదాకా ఇచ్చారు. అలా ఇస్తే ఊపిరే ముందు ఆగుతుంది. వాళ్ళు చూసింది నిజమే. పన్ను పీకించుకోవడానికి వణుకుతూ వచ్చి కుర్చీలో కూర్చున్న మనిషి పరిస్థితి మాత్రం ఆ నాలుగు వందల జంతువుల్లో లేదు. లారీ సొంత అనుభవానికి కూడా ఇందులోనే ఒక వివరణ ఉంది: ఆయన మత్తు త్వరగా, లోతుగా ఇప్పించేవాడు, ప్రమాదకరమైన ఆ మొదటి మెట్టు చప్పున దాటిపోయేది. ఆయన మంచి ఫలితమే ఆయన కళ్ళకు గంత కట్టింది.

మా తరంవాళ్ళం ఇదంతా హాలోథేన్‌తో నేర్చుకున్నాం. అది 1956లో వచ్చిన మత్తుమందు. అడ్రినలిన్ తగిలితే గుండె అలాగే రెచ్చిపోయేలా చేస్తుంది. సర్జన్ రక్తం కారకుండా అడ్రినలిన్ కలిపిన ఇంజెక్షన్ చేయబోతే, ఇటు తల దగ్గర నుంచి మేము “ఆగండి సార్, ఎంత ఇస్తున్నారు?” అని అరిచేవాళ్ళం. నేనూ కొన్ని వందలసార్లు అరిచి ఉంటాను. ఆ అరుపు వెనక అఫ్జల్‌గంజ్ కథ ఉందని అప్పుడు నాకు తెలియదు.

ఇక మన రోజుల్లోకి వస్తాను. 2020లో కరోనాకు పనిచేస్తుందని హైడ్రాక్సీక్లోరోక్విన్ కోసం మెడికల్ షాపుల ముందు జనం బారులు తీరడం మీరంతా చూశారు. లూపస్, కీళ్ళవాతం పేషెంట్లు రోజూ వేసుకునే మాత్ర అది, వాళ్ళకే దొరకలేదు. ఆ మార్చిలో మన వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ కూడా వైద్య సిబ్బంది ముందు జాగ్రత్తగా దాన్ని వేసుకోవచ్చని సలహా ఇచ్చింది. ఆ ఆశకు ఒక ఆధారం, ప్రయోగశాలలో ఆ మందు కణాల్లోకి వైరస్ చొరబడకుండా ఆపడం. అబద్ధం కాదు, ఆపింది. కాకపోతే అవి కోతి మూత్రపిండం నుంచి పెంచిన కణాలు. మనిషి ఊపిరితిత్తుల కణాల మీద పెట్టి చూస్తే పని చేయలేదు. బ్రిటన్‌లో రికవరీ అనే పెద్ద పరీక్ష 4,700 మందికి పైగా పేషెంట్ల మీద చూసింది: మందు వేసుకున్నవాళ్ళలో 27 శాతం, వేసుకోనివాళ్ళలో 25 శాతం 28 రోజుల్లో చనిపోయారు. ఉపయోగం లేదని తేలిపోయింది. నేనూ ఆ వారాల్లో రెండు స్ట్రిప్పులు కొని బీరువాలో పెట్టుకున్నాను. ఎక్స్‌పైరీ అయ్యాక పారేశాను.

జోల్పిడెమ్ అనే నిద్రమాత్ర ఇంకో ఉదాహరణ. దానికి అమెరికాలో 1992లో అనుమతి వచ్చింది, మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ ఒకటే మోతాదు. ఆడవాళ్ళ ఒంట్లో అది ఆలస్యంగా కరుగుతుందని, తెల్లారాక కూడా మత్తుగానే కారు నడుపుతున్నారని చెప్పి అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాళ్ళ మోతాదును సగానికి తగ్గించింది 2013లో. ఇరవై ఏళ్ళు!

కానీ నాకు అన్నిటికంటే దగ్గరగా తగిలింది వేలికి పెట్టుకునే క్లిప్పు, పల్స్ ఆక్సీమీటరు. మా థియేటర్లలో దశాబ్దాలుగా ఉన్న పరికరం, కరోనాతో ఇంటింటికీ వచ్చేసింది. దీపం పక్కన అగ్గిపెట్టెలా టీవీ పక్కన పెట్టుకున్నారు. ఎరుపు కాంతి ఒకటి, కంటికి కనిపించని పరారుణ కాంతి ఒకటి, రెండూ వేలిలోంచి దూరి అవతలికి వస్తాయి. ఏది ఎంత మిగిలిందో లెక్కగట్టి రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో అంకె చూపిస్తుంది. ఆ లెక్క ఎక్కడి నుంచి వచ్చింది? ఆరోగ్యంగా ఉన్న వలంటీర్లతో తక్కువ ఆక్సిజన్ పీల్పించి, వాళ్ళ రక్తంతో సరిచూసుకుని కట్టిన లెక్క అది. ఆ వలంటీర్లలో ఎక్కువమంది తెల్లవాళ్ళు. చర్మంలో నలుపు పెరిగితే కాంతి లెక్క మారుతుంది.

2020 డిసెంబరులో మిషిగన్ డాక్టర్లు ప్రచురించిన లెక్క చూడండి. క్లిప్పు 92 నుంచి 96 మధ్య చూపిస్తుండగా, ధమని రక్తం తీసి చూస్తే అసలు విలువ 88 కంటే కింద ఉన్న సందర్భాలు తెల్లవాళ్ళలో 3.6 శాతం, నల్లవాళ్ళలో 11.7 శాతం. మూడు రెట్లు. ఇందులో నన్ను కుదిపింది ఆ అంకె కాదు. నల్లవాళ్ళ విషయంలో ఈ తేడా ఉందని 1990లోనే ఒక పరిశోధనలో వచ్చింది. ముప్పై ఏళ్ళు అది పత్రికల్లోనే పడి ఉంది. నేను చదివానో లేదో కూడా గుర్తు లేదు. చదివి ఉంటే మాత్రం పేజీ తిప్పేశాను.

2021 ఏప్రిల్‌లో ఒక రాత్రి, మా పై అంతస్తు అబ్బాయి తలుపు కొట్టాడు. “అంకుల్, నాన్నకి 94 ఉంది, 95 కూడా వస్తోంది. పర్లేదు కదా?” అన్నాడు. 94 కిందికి వస్తేనే ఆస్పత్రి అని అప్పట్లో అందరి నోటా ఉన్న మాట. పైగా బెడ్లు లేవు. ఆ టెన్షన్‌లో ఎవరైనా ఆ అంకెను పట్టుకునే వేలాడతారు. మాస్కు మీద మాస్కు వేసుకుని పైకి వెళ్ళాను. ఆయన మంచి నల్లటి మనిషి, జీవితమంతా ఎండలో పొలం చేసి వచ్చినవాడు. మంచం మీద కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద ఆనించి ఉన్నాడు. నాతో ఒక వాక్యం మొదలుపెట్టి, మధ్యలో రెండుసార్లు ఆగాడు. నేను క్లిప్పు చూడలేదు. గడియారం పెట్టుకుని నిమిషం పాటు ఆయన పొట్ట పైకీ కిందకీ కదలడం లెక్కపెట్టాను. ముప్పై నాలుగు.

వెంటనే బయల్దేరమన్నాను. తిరగ్గా తిరగ్గా తెల్లవారుజామున మూడో చోట బెడ్ దొరికింది. రక్తం తీసి చూస్తే క్లిప్పు చెప్పినదానికంటే బాగా కిందే ఉంది. పదహారు రోజుల తర్వాత ఇంటికొచ్చాడు.

ఊపిరి మీద నుంచి కన్ను తీయొద్దు. ఆ రాత్రి నేను చేసింది అచ్చంగా లారీ చెప్పిన పనే. ఇప్పటిదాకా ఆయన తప్పు ఎలా చేశాడో చెప్పుకొచ్చాను కదా, ఇదీ చెప్పకపోతే అన్యాయం.

ఇంటికొచ్చిన నాలుగో రోజు ఆయన కొడుకు చేయి పట్టుకుని మా గుమ్మం దాకా దిగివచ్చాడు. లుంగీ జేబులోంచి ఆ క్లిప్పు తీసి నా చేతిలో పెట్టి, “ఇది చెడిపోయిందేమో చూడండి డాక్టరు గారూ, తిరిగి ఇచ్చేస్తే డబ్బులిస్తారేమో” అన్నాడు. నా వేలికి పెట్టుకుని చూశాను. 98. నా వేలు కాస్త తెలుపు లెండి.

ప్రశ్నలు ఏవైనా ఉంటే అడగండి. రూపాబాయి గురించి అడిగితే ఇంకో అరగంట మాట్లాడతాను, ముందే చెబుతున్నాను.