'ఆగింది' అంటే ఏమని అర్థం? రోబో ఫ్లీట్ నిర్వహణలో కొన్ని కీలక పదాలు

సభకు నమస్కారం.

భవనాల లోపల సామాన్లు చేరవేసే, నేల శుభ్రం చేసే రోబోలను పదుల సంఖ్యలో నడిపే చోట, తెర ముందు కూర్చున్నవారి నోట తరచుగా వినిపించే మాట 'ఆగింది'. ఎక్కువ గందరగోళం పుట్టించే మాట కూడా అదేనని నా అభిప్రాయం. అందుకే ఈనాడు పదకోశమంతా అప్పజెప్పకుండా, ఈ ఒక్క మాట కింద దాగిన వేర్వేరు స్థితులను విడదీసి చూపాలనుకుంటున్నాను.

అంతకుముందు రెండు పేర్లు. పారిశ్రామిక ఆటోమేషన్‌కు వెలుపల, మనుషులకు గానీ పరికరాలకు గానీ ఉపయోగపడే పనులు చేసేది సర్వీస్ రోబో అని ఐఎస్ఓ 8373 ప్రమాణం 2012 కూర్పు నిర్వచించింది. అంటే యంత్రం ఆకారాన్ని బట్టి గాక, అప్పగించిన పనిని బట్టి ఆ పేరు వస్తుంది. ఇక ఫ్లీట్ అనిపించుకోవడానికి సంఖ్య ఒక్కటే చాలదు. పది రోబోలు పది యాప్‌లతో విడివిడిగా నడుస్తుంటే అవి పది రోబోలే. ఏ పని దేనికి, ఏ దారిలో ముందు ఏది అన్నది ఒకే చోట నిర్ణయమైనప్పుడే అది ఫ్లీట్.

ఇప్పుడు అసలు మాటకు వద్దాం. పాజ్‌లో ఉన్న రోబో ఎవరో ఆపమంటే ఆగింది. దాని మిషన్, అంటే అప్పగించిన పని, రద్దు కాలేదు, కొనసాగించమంటే ఆగిన చోటి నుంచే సాగుతుంది. బ్లాక్ అయిన రోబోకు దారిలో ఏదో అడ్డుంది. కాసేపు చూసి, వీలుంటే అదే పక్కదారి పడుతుంది. ఎమర్జెన్సీ స్టాప్ వేరు. బటన్ నొక్కిన వ్యక్తి ఒక ప్రమాదాన్ని చూశాడు కనుక, కారణం తెలుసుకుని మనిషే దగ్గరకు వెళ్లి దాన్ని విడుదల చేయాలి. విడుదలైనంత మాత్రాన రోబో కదలకూడదు, ప్రారంభించమని మరో ఆదేశం విడిగా అందాలి.

అన్నిటికంటే మోసం చేసేది ఆఫ్‌లైన్. తెర మీద గుర్తు కదలడం లేదంటే మనకు కబురు అందడం లేదని మాత్రమే. రోబో ఆ సమయంలో నడుస్తూనే ఉండవచ్చు. జర్మనీ వాహన పరిశ్రమల సంఘం, యంత్ర తయారీదారుల సంఘం కలిసి 2019లో తొలి కూర్పు వెలువరించిన వీడీఏ 5050 అనే సమాచార మార్పిడి ప్రమాణం, కర్మాగారాల్లో డ్రైవర్ లేకుండా నడిచే బండ్ల కోసం పుట్టినదే అయినా, ఈ తేడాను చక్కగా పట్టుకుంది. చెప్పి వెళ్లిపోతే 'ఆఫ్‌లైన్', చెప్పకుండా తెగిపోతే 'కనెక్షన్ బ్రోకెన్'. తెగిపోయినది తానే ఎలా చెబుతుందని సందేహం రావచ్చు. ఆ ప్రమాణం వాడే ఎంక్యూటీటీ అనే సందేశాల పద్ధతిలో రోబో కనెక్ట్ అయ్యేటప్పుడే ఒక వీలునామా రాసి సర్వర్ దగ్గర ఉంచుతుంది. అర్ధాంతరంగా సంబంధం తెగితే సర్వరే దాన్ని చదివి వినిపిస్తుంది.

మరో స్థితి లోకలైజేషన్ పోవడం, అంటే మ్యాప్‌లో తానెక్కడుందో రోబోకు తెలియకపోవడం. చక్రాలెన్ని తిరిగాయో లెక్కించి చేసే అంచనాలో పొరపాటు పేరుకుపోతుంటే, లేజర్ కిరణాలతో దూరాలు కొలిచే లైడార్ ద్వారా రోబో గోడలను మ్యాప్‌తో పోల్చి సరిదిద్దుతూ ఉంటుంది. ఎవరైనా రోబోను ఎత్తి వేరే చోట దించితే ఆ పోలిక కుదరదు. పరిశోధకులు దీన్ని సరదాగా 'కిడ్నాప్ అయిన రోబో' సమస్య అంటారు.

చివరిది డెడ్‌లాక్, అంటే ప్రతిష్టంభన. ఇరుకు వరండాలో రెండు రోబోలు ఎదురెదురుగా నిలిచినప్పుడు ఏదీ చెడిపోలేదు. రెండూ 'వేచి ఉన్నాను' అనే తెలుపుతాయి, అందుకే తెర మీద ఎర్రగుర్తు కనిపించదు. కంప్యూటర్ వ్యవస్థల గురించి 1971లో కాఫ్‌మన్, ఎల్ఫిక్, షోషానీ చెప్పిన నాలుగు షరతులు ఇక్కడికీ వర్తిస్తాయి: ఒక చోటు ఒకరికే చెందడం, ఉన్నది వదలకుండా మరొకటి కోరడం, బలవంతంగా లాక్కోలేకపోవడం, ఒకరికోసం ఒకరు వలయంగా ఎదురుచూడడం. వీటిలో ఏ ఒక్కటి తెగినా ప్రతిష్టంభన పుట్టదు. ఒకే చోట రెండు రోబోలను నిలపలేము, నిలుచున్నదాని కింది నేలను లాక్కోనూ లేము. కనుక వరండా మొత్తాన్ని ముందే రిజర్వ్ చేసుకున్నాకే లోపలికి అడుగుపెట్టమనడమో, వరండాను వన్‌వే చేయడమో మిగులుతుంది. స్థలం అనుమతిస్తే నేను రెండోదానికే మొగ్గుతాను, ఎందుకంటే రిజర్వేషన్ చేసుకున్న రోబో మధ్యలో ఎమర్జెన్సీ స్టాప్‌లో పడితే, మనిషి వెళ్లి విడిపించేదాకా ఆ వరండా అంతా దాని పేరు మీదే ఉండిపోతుంది.