బస్సు గుద్దితే లెక్క ఉంది.. తప్పుడు ఉరిశిక్షకు లెక్క లేదా?

"నిర్దోషి అని వదిలేశారుగా, ఇంకేం కావాలంట?" 2025 జూలైలో తమిళనాడు కేసులో ఉరిశిక్ష పడ్డ మనిషిని సుప్రీంకోర్టు విడుదల చేసి, ఇలాంటివాళ్లకి పరిహారం సంగతి చట్టసభలు ఆలోచించాలంది. అప్పట్నుంచి ఇదే డైలాగ్! విని విని ఒళ్లు మండిపోయింది.

నేను చెప్పేది ఒక్కటే. మెహదీపట్నంలో బస్సు గుద్ది మనిషి పోతే లెక్క ఉంది. వయసెంత, జీతమెంత, ఆధారపడ్డవాళ్లెందరు? 22 ఏళ్లా, ఏడాది జీతాన్ని 18తో గుణించు. 67 ఏళ్లా, 5తో గుణించు. 2009లో సుప్రీంకోర్టే పట్టిక వేసిచ్చింది. అదే మనిషిని తప్పుడు కేసులో ఉరికంబం దాకా నడిపించి గేటు బయట వదిలేస్తే? పట్టికా లేదు, పైసా గ్యారంటీ లేదు!

2019 మార్చిలో మహారాష్ట్రకు చెందిన ఆరుగురు నిర్దోషులని తేలింది. 2009లో ఆ ఆరుగురికీ ఉరే సరి అన్నది కూడా సుప్రీంకోర్టే! దాదాపు 16 ఏళ్లు లోపలే ఉన్నారు. తలా 5 లక్షలు ఇమ్మన్నారు. భాగించండి. రోజుకి 85 రూపాయలు. హైదరాబాద్‌లో సింగిల్ బిర్యానీ కూడా రాదు.

ఆయేషా మీరా హత్య కేసులో ఇరుక్కున్న మన సత్యంబాబు సంగతి మీకు తెలిసిందే. అది ఉరి కాదు, యావజ్జీవం. ఎనిమిదేళ్లకు పైగా జైలు. 2017 మార్చి 31న మూసీ పక్కనున్న మన హైకోర్టు నిర్దోషి అంది, లక్ష ఇమ్మంది. లక్ష!

మక్కా మసీదు పేలుడు కేసుల్లో అరెస్టయి నిర్దోషులుగా బయటపడ్డ కుర్రాళ్లది ఇంకో వింత. 2012లో ప్రభుత్వం 20 మందికి 3 లక్షల చొప్పున, 50 మందికి 20 వేల చొప్పున ఇచ్చింది. మరుసటి ఏడాది హైకోర్టు ఆ పరిహారాన్ని కొట్టేసింది. ఇల్లు అద్దెకివ్వమంటే ఓనర్ పేరు అడిగి గూగుల్‌లో కొడతాడు. అరెస్టు వార్త మొదటి పేజీలో ఉంటుంది, విడుదల వార్త ఎక్కడో అడుగున. డబ్బు లేదు, పేరూ లేదు. ఏం పెట్టి బతకాలి వాడు?

జపాన్‌లో హకమాడా అనే పెద్దాయన. హత్య కేసు. 1966లో అరెస్టు, 1968లో ఉరిశిక్ష, 2024లో నిర్దోషి. మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) తొట్టిలో నెత్తుటి బట్టలు దొరికాయన్నారు. ఏడాదికి పైగా మిసోలో నానిన నెత్తురు ఇంకా ఎర్రగా ఎలా ఉంటుందయ్యా? సాక్ష్యం కల్పించారని కోర్టే చెప్పింది. పోలీసు అధికారి ఇంటికెళ్లి తల వంచి క్షమాపణ అడిగాడు. రోజుకి 12,500 యెన్ల చొప్పున కట్టి 21 కోట్ల 70 లక్షల యెన్లు ఇచ్చారు. జైల్లో చెడిన బుర్ర తిరిగి బాగవలేదు, అది వేరే బాధ. కానీ రోజుకింత అని రేటు ఉంది చూశారా!

ఇక్కడ ఎందుకు లేదంటే, నా థియరీ ఇది. రేటు పెడితే బిల్లు వస్తుంది. బిల్లొస్తే ఏ డిపార్ట్‌మెంట్ ఖాతాలోంచి అని అడుగుతారు. అప్పుడు తప్పు ఎవరిదో కాగితం మీద రాయాలి. ఆ ఒక్క సంతకానికే అందరికీ టెన్షన్. దర్యాప్తు చేసిన శాఖ బడ్జెట్‌లోంచి కోసి చూడండి, "24 గంటల్లో కేసు ఛేదించాం" ప్రెస్‌మీట్లు సగం ఆగిపోతాయి.

నిష్కారణంగా అరెస్టు చేయిస్తే 1,000 రూపాయల దాకా పరిహారం అని పాత చట్టం సీఆర్‌పీసీలో ఉండేది. 2024లో దాని బదులు కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ వచ్చింది, అంతా మార్చామన్నారు. ఆ వెయ్యి వెయ్యిగానే ఉంది!

చట్టాలపై కేంద్రానికి సలహాలిచ్చే లా కమిషన్ 2018లో 277వ నివేదికలో, తప్పుడు కేసుల్లో ఇరుక్కున్నవాళ్ల పరిహారానికి ముసాయిదా బిల్లు కూడా రాసిచ్చింది. మీ ఎంపీ ఓట్లకొచ్చినప్పుడు "277 ఏమైంది సార్?" అనండి. బస్ నంబరా అని అడిగితే ఆ వీడియో నాకు పంపండి, ఇక్కడే వేస్తా.