మూడు ఫ్రేముల సంగతి: జాకీచాన్‌ను మళ్లీ చూసేవాళ్లకు

అందరికీ నమస్కారం. ముందు రెండు వరసలూ ఖాళీగా ఉన్నాయి, గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్లు వచ్చి కూర్చోండి. శాలువాలూ జ్ఞాపికలూ సినిమా అయ్యాక చూసుకుందామని నిర్వాహకులు అన్నారు. సభలు ఇంత తెలివిగా మొదలవడం అరుదు, వాళ్లకు విడిగా ఒక నమస్కారం.

ఇవాళ వేస్తున్నది ‘పోలీస్ స్టోరీ’, 1985 నాటిది. ముందు జాకీచాన్ గురించి ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. కాగితం మీద మూడు భాగాలు రాసుకొచ్చాను: బడి, వెలుగు, వయసు. బడి సంగతి ఇప్పుడే ముగించేస్తాను. 1954 ఏప్రిల్ 7న హాంకాంగ్‌లో పుట్టాడు. యూ జిమ్-యుయెన్ అనే గురువు నడిపిన పెకింగ్ ఒపెరా (చైనావాళ్ల సంప్రదాయ నాటకం) బడిలో బెత్తం దెబ్బల మధ్య పెరిగాడు. తర్వాత ఫైటు సినిమాల్లో పేరు తెచ్చుకున్న స్యామో హంగ్, యుయెన్ బియావ్ కూడా ఆ బడివాళ్లే. గెంతడం, పడటం, పాడటం, ముఖానికి రంగు వేసుకోవడం, అన్నీ అక్కడే నేర్చారు. అయిపోయింది.

ఇక అసలు సంగతి. ఈమధ్య పాత జాకీచాన్ సినిమాలు మళ్లీ పెట్టుకుని చూసినవాళ్లది ఒకటే మాట. ‘అప్పట్లో కుర్చీలోంచి ఎగిరి పడేవాళ్లం, ఇప్పుడేంటో చప్పగా ఉందండీ’ అంటున్నారు. ఆయనకు డెబ్బై దాటాయి, మనకు యాభై దాటాయి, అందుకేలే అని సరిపెట్టుకుంటున్నారు. వయసు మీదకి తోసెయ్యకండి. అప్పుడు మీరు చూసింది సినిమాలో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. ఇప్పుడు చూస్తున్నదాన్ని మీ కొత్త టీవీ పాడుచేస్తోంది. నడుమ అసలు సినిమాను చూసిందెప్పుడు?

లెక్క చెబుతాను, కాస్త ఓపిక పట్టండి. ఈ సినిమా బొమ్మ వెడల్పు దాని ఎత్తుకు 2.35 రెట్లు. పాత డబ్బా టీవీ తెర వెడల్పు ఎత్తుకు 1.33 రెట్లు. క్యాసెట్టుకి ఎక్కించేటప్పుడు తెర నిండాలని పక్కలు కోసేసేవాళ్లు. 1.33ని 2.35తో భాగించండి, మిగిలేది 57 శాతం. నూటికి 43 వంతుల బొమ్మ గాల్లో కలిసింది. మాటల సీనులో పోతే పోనీ. ఫైటులో పోతే తన్నేవాడు తెరలో ఉంటాడు, తన్ను తినేవాడు తెర బయట ఉంటాడు. అది తెలియకుండా ఉండాలని ఎక్కించేవాళ్లు బొమ్మను అటూ ఇటూ జరిపేవాళ్లు, లేదా ఒక్క షాటునే రెండు ముక్కలు చేసేవాళ్లు. దర్శకుడు వెయ్యని కత్తెర అక్కడ పడింది. మనం అద్దెకు తెచ్చుకుని ఇంటిల్లిపాదీ చూసింది దాన్నే.

వేగం సంగతి కూడా చెప్పాలి. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, అంటే విడివిడి బొమ్మలు; మన టీవీ పద్ధతి 25. ఉన్నదున్నట్టు ఎక్కించేస్తే 100 నిమిషాల సినిమా 96 నిమిషాల్లో అయిపోతుంది, గొంతులు సన్నబడతాయి. అసలే హాంకాంగ్‌లో ఫైటు షాట్లను 22 ఫ్రేములకో 20 ఫ్రేములకో తియ్యడం మామూలు. 22కి తీసింది 24లో వేస్తే 9 శాతం వేగం వస్తుంది, కంటికి తెలియదు. 20కి తీస్తే 20 శాతం. దాన్నే తెచ్చి 25 మీద నడిపితే సరిగ్గా పాతిక శాతం, ఇక మనుషులు తోలుబొమ్మల్లా గెంతుతారు. ఏ షాటు ఇలా తీశారో పట్టుకోవాలంటే మనిషిని చూడకండి. చొక్కా అంచు, జుట్టు, ఒలికిన నీళ్లు చూడండి. మనిషి తన వేగాన్ని దాచగలడు, నీళ్లు దాచలేవు.

సరే, రెండో భాగం, వెలుగు. ఇక్కడ సినిమాల పట్టిక చదవాలని రాసుకున్నాను కానీ దాన్ని పక్కన పెట్టేస్తున్నాను. ఒక్క తన్ను గురించే చెబుతాను, మిగతావన్నీ అందులోనే ఉన్నాయి.

దూరం షాటులో ఇద్దరూ తల నుంచి పాదం దాకా కనిపిస్తారు. కాలు లేస్తుంది, తగులుతుంది. వెంటనే దగ్గరి షాటు. చాలామంది ఎడిటర్లు తగిలిన ఫ్రేము దగ్గర కోసి, ఆ తర్వాతి ఫ్రేము నుంచి రెండో షాటు అతికిస్తారు. లెక్క ప్రకారం అదే సరి. కానీ షాటు మారినప్పుడు కన్ను కొత్త బొమ్మలో ఎక్కడ ఏముందో వెతుక్కోవడానికి ఓ లిప్తకాలం పడుతుంది. ఆ లిప్తలోనే దెబ్బ జారిపోతుంది. అందుకని జాకీచాన్ బృందం రెండో షాటును రెండు మూడు ఫ్రేములు వెనక్కి జరిపి మొదలుపెట్టేది. తగిలిన కాలు మళ్లీ గాల్లోకి వెళ్లి మళ్లీ తగులుతుంది. మూడు ఫ్రేములంటే సెకనులో ఎనిమిదో వంతు. కన్నుకి రెండుసార్లని తెలియదు, ఒకటే గట్టి దెబ్బ అనుకుంటుంది. అనుమానమున్నవాళ్లు కంప్యూటరులో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయరులో సినిమా ఆపి, కీబోర్డు మీద ఇంగ్లీషు ‘E’ అక్షరం నొక్కుతూ వెళ్లండి. ఒక్కో నొక్కుకి ఒక్కో ఫ్రేము జరుగుతుంది. ఇలా అతికించినచోట కాలు వెనక్కి వెళ్లడం స్పష్టంగా కనిపిస్తుంది.

దీనికి ఒపెరా బడి తాళం కలిసింది. మూడు నాలుగు దెబ్బలు, ఒక్క క్షణం బిగదీసుకుని నిలవడం, మళ్లీ దెబ్బలు. కూచిపూడిలో జతికి ముక్తాయింపు పడగానే పాదం నిలిచిపోతుంది చూడండి, అలాగ. ఆ నిలుపు లేకపోతే వరసగా ముప్ఫై దెబ్బలు కొట్టినా వడగళ్ల చప్పుడే. పైగా కోటు మీదా బూటు అడుగునా తెల్లపొడి చల్లేవాళ్లు, దెబ్బ పడగానే దుమ్ము లేవాలని. క్యాసెట్టులో అది కనబడేది కాదు. శుభ్రం చేసిన 4కే ప్రింటులో దెబ్బకు ముందే కోటు మీద పొడి కనిపిస్తే నవ్వకండి.

అద్దాలు. ఇవాళ్టి సినిమా చివర షాపింగ్ మాల్‌లో పగిలే అద్దాల వల్ల యూనిట్‌వాళ్లే దీన్ని ‘గ్లాస్ స్టోరీ’ అని పిలుచుకున్నారు. ఫైట్లలో వాడే పగిలే అద్దం అసలు రకం పంచదార పాకం. మన ఆడవాళ్లకు ఇందులో చెప్పాల్సింది తక్కువ: తీగపాకం దాటాలి, ఉండపాకం దాటాలి, నీళ్లలో వేస్తే టక్కున విరిగే ముదురుపాకం రావాలి. అది 150 డిగ్రీల దగ్గర. పలుకు కట్టకుండా గ్లూకోజు సిరప్ కలుపుతారు, నూనె రాసిన పళ్లెంలో పోసి చల్లారుస్తారు. 160 దాటిందా పసుపు తిరుగుతుంది, కెమెరా పట్టేస్తుంది. గాల్లో తేమ ఉంటే పైన జిగురొచ్చి మసకబారుతుంది. శ్రావణమాసంలో కాకినాడలో పొద్దున పోస్తే సాయంత్రానికి జీళ్లపాకమే. పలచగా పోస్తే పొడిగా రాలుతుంది, మనిషికేమీ కాదు. కానీ పలచటిది తెర మీద అప్పడంలా కనిపిస్తుందని ఈ సినిమాకి మామూలు కంటే మందంగా చేయించారు. మందం పెరిగితే ముక్కకు అంచు వస్తుంది, అంచు వస్తే కోస్తుంది. అక్కడ రక్తం నిజమే.

చివర్లో స్తంభం మీద నుంచి జారే షాటు అందరికీ తెలుసు. చుట్టూ విద్యుద్దీపాల తోరణాలు. వాటికి తక్కువ వోల్టేజీ ఇవ్వాల్సింది, మెయిన్ లైనుకే కలిపారు. అరచేతులు కాలాయి, వెన్నెముకకు దెబ్బ తగిలింది. ఒకటే టేకు, చాలా కెమెరాలు. అందుకే సినిమాలో అది మూడు కోణాల్లో మూడుసార్లు వస్తుంది.

ఇక్కడే నా గొడవ. క్షమించండి, ఇది చెప్పకుండా దిగను. జాకీచాన్ అనగానే అభిమానులు దెబ్బల చిట్టా విప్పుతారు. ‘ఆర్మర్ ఆఫ్ గాడ్’ కోసం యుగోస్లావియాలో గోడ మీంచి చెట్టుకొమ్మకు దూకి, రెండో టేకులో పడి, పుర్రె పగిలింది. ‘రంబుల్ ఇన్ ద బ్రాంక్స్’లో చీలమండ విరిగితే, కట్టు మీద బూటు బొమ్మ గీసిన మేజోడు తొడుక్కుని పని కానిచ్చాడు. ఇవి నిజాలే. చివర టైటిళ్ల మీద పొరపాటు టేకులు వెయ్యడం కూడా ఆయనే 1981 నాటి ‘ద కానన్‌బాల్ రన్’ చూసి పట్టుకున్నాడు. మనం ఆ రెండు నిమిషాలకు ఎంత అలవాటు పడ్డామంటే, మనిషి పడితేనే అది మంచి షాటు అనుకునే దాకా వచ్చాం. ‘ప్రాజెక్ట్ ఎ’లో గడియారం గోపురం నుంచి రెండు గుడ్డ పందిళ్లను చీల్చుకుంటూ పడతాడు. ఆ పడటం రెండు టేకులు సినిమాలో పెట్టారు. అక్కడ మెచ్చుకోవాల్సింది ఎముకని కాదు. గుడ్డ ఎంత బిగువుగా కట్టాలి, ఎంత వేగాన్ని మింగాలి, ఎక్కడ చిరగాలి అన్న లెక్కని.

ఇవాళ్టి సినిమాలో రెండంతస్తుల బస్సు ఉంది. అది గక్కున ఆగగానే పై అంతస్తు అద్దంలోంచి మనుషులు బయటికి పడతారు. వాళ్లు కింద ఆపిన కారు మీద పడాలి. బస్సు అనుకున్న చోటికంటే ముందే ఆగింది, వాళ్లు తారురోడ్డు మీద పడ్డారు. షాటు అలాగే ఉంచేశారు. ఈ హాలులో ఎవరైనా వాళ్ల పేర్లు చెప్పగలరా? ఒక్కరు? సరే. మన సినిమాల్లోనూ ఫైట్ మాస్టర్ పేరు పడుతుంది, కిందపడ్డ ఫైటరు పేరు పడటం అరుదు. 1988లో ‘పోలీస్ స్టోరీ’ రెండో సినిమా తీస్తూ నటి మ్యాగీ చెయుంగ్ తలకు గాయమైంది, ఇనుప చట్రాలు కూలే సీనులో. దాన్ని ఎవరూ చిట్టాలో చెప్పరు. 1992లో ‘సూపర్‌కాప్’లో నడిచే రైలు మీదకి మోటారుసైకిలుతో దూకింది నటి మిషెల్ యో. అదీ హీరో ఖాతాలోనే పడుతుంది.

ఆడవాళ్ల మాటొచ్చింది కాబట్టి, రంగు వెలిసిన చోటు కూడా చూపించాలి. ఇవాళ్టి సినిమాలో మే అనే ప్రేయసి పాత్రకి ఉడుక్కోవడం, ఏడవడం తప్ప పనిలేదు. చిన్నప్పుడు పడీపడీ నవ్విన సీన్ల దగ్గర ఇప్పుడు కూతుళ్ల పక్కన కూర్చుని నవ్వలేరు. ‘ఆర్మర్ ఆఫ్ గాడ్’ రెండో సినిమాలో అరబ్బులను పెట్టిన తీరు మరీ చవకబారు. ఎడిటింగు ఎంత గొప్పదైనా దీన్ని మాఫీ చెయ్యదు. నేను వకాల్తా పుచ్చుకోను.

మూడో భాగం, వయసు. నిర్వాహకులు గడియారం చూపిస్తున్నారు, తొందరగా కానిస్తాను. 2002 నాటి ‘ద టక్సీడో’లో తాళ్లూ కంప్యూటరూ కలిసి ఆయన్ను ఎగరేశాయి. 2005లో ‘ద మిత్’ కోసం మన పక్కనే ఉన్న హంపికి వచ్చాడు. అందులో నిలిచేది జిగురు పూసిన కన్వేయర్ బెల్టు మీద ఫైటు. కాలు అంటుకుంటుంది, చెప్పు వదిలెయ్యాలి, చొక్కా వదిలెయ్యాలి. యాభై ఏళ్ల మనిషికి సరిగ్గా సరిపోయే ఆలోచన: ఎగరక్కర్లేదు, ఇరుక్కుంటే చాలు. అదే దారిలో వెళ్లి ఉంటే ఎంత బావుండేది. 2017లో ‘కుంగ్ ఫూ యోగా’ వచ్చింది, దాని గురించి ఈ హాలులో మాట్లాడను. 2024లో ‘ఎ లెజెండ్’లో కంప్యూటరు చేత కుర్రముఖం అతికించుకున్నాడు. అభిమానం వెలిసిపోయేది వయసు వల్ల కాదు, ఇలాంటి దాపరికం వల్ల. ముసలి స్టంట్‌మన్‌గా నటించిన ‘రైడ్ ఆన్’లోనూ, రిటైరైన నిఘా నిపుణుడిగా కనిపించిన 2025 నాటి ‘ద షాడోస్ ఎడ్జ్’లోనూ ఆ ముడతల ముఖమే ఎక్కువ పనిచేసింది.

ఇంటికి వెళ్లాక చెయ్యాల్సిన పని ఒకటి చెప్పి దిగుతాను. టీవీ సెట్టింగుల్లో పిక్చర్‌లోకి, అక్కడి నుంచి అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లండి. మోషన్ అనో స్మూత్ అనో ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది, దాన్ని ఆఫ్ చెయ్యండి. ‘ఫిల్మ్‌మేకర్ మోడ్’ ఉంటే అదొక్కటి నొక్కినా చాలు. ఆ మోషన్ ఆన్‌లో ఉంటే టీవీ రెండు ఫ్రేముల మధ్య లేని ఫ్రేములు పుట్టిస్తుంది. కాలు వెనక్కి వెళ్లిన ఆ మూడు ఫ్రేముల దగ్గర దానికి దిక్కుతోచక బొమ్మను నలిపేస్తుంది. మీకు చప్పగా అనిపించింది ఆ నలుగుడే. తర్వాత జూమ్ తీసెయ్యండి. 43 అంగుళాల టీవీలో పైనా కిందా చెరో ఆరున్నర సెంటీమీటర్ల నల్లపట్టీ కనిపించాలి. కనిపించలేదంటే పక్కలు మళ్లీ కోసేశారని లెక్క.

ఇక్కడి ప్రొజెక్టరులో అవన్నీ సరిచేసి ఉన్నాయి. నల్లపట్టీలు చూసి ‘ఫుల్ చెయ్యండి’ అని వెనక నుంచి అరవకండి. బస్సు సీను మొదట్లోనే వస్తుంది, ఆలస్యంగా సర్దుకుంటే పోతుంది. అద్దం పగలగానే హీరోని వదిలేసి రోడ్డు వైపు చూడండి, బస్సుకీ కారుకీ మధ్య ఎంత జాగా మిగిలిందో. లైట్లు ఆర్పండి బాబూ.