ఎన్ని కాంట్రాక్టులకు దరఖాస్తు పెట్టాలి?

శ్రోతలకు నమస్కారం.

నెలజీతం మీద ఆధారపడకుండా, ఒక కాంట్రాక్టు తరువాత మరొకటి వెతుక్కుంటూ సొంతంగా పనిచేసుకునే అనువాదకులు, డిజైనర్లు, ప్రోగ్రామర్లు ఇప్పుడు మన పట్టణాలలో చాలామందే ఉన్నారు. చేతిలో ఉన్న పని ముగింపుకు వచ్చేసరికి ఈ ఫ్రీలాన్సర్లందరికీ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: తరువాతి పని దొరకాలంటే ఎన్నింటికి దరఖాస్తు పెట్టాలి? కొందరు కంటబడిన ప్రతి ప్రకటనకూ పంపుతారు. కొందరు నచ్చిన రెండు మూడింటికి మాత్రం పంపి జవాబు కోసం ఎదురుచూస్తారు. మొదటివారిని నడిపించేది భయం, రెండోవారిని నడిపించేది ఆశ. లెక్క వేసుకున్నవారు మాత్రం తక్కువ.

ఆంగ్లం నుంచి తెలుగులోకి అనువాదాలు చేసే ఒకామెను ఊహించుకుందాం. గతంలో తాను పంపినవన్నీ రాసి పెట్టుకున్నందువల్ల, సగటున ఇరవైకి ఒకటి ఫలిస్తున్నదని ఆమెకు తెలుసు. అలాగైతే ఇరవై పంపితే ఒక పని ఖాయమే కదా అనిపిస్తుంది. కాదు. ఒక్కొక్క దరఖాస్తూ వృథా అయ్యే అవకాశం నూటికి 95 పాళ్లు కాబట్టి, ఇరవైకి ఇరవై వృథా అయ్యే అవకాశం, ఆ 95 శాతాన్ని ఇరవైసార్లు హెచ్చవేసి చూస్తే, నూటికి సుమారు 36 పాళ్లు తేలుతుంది. ఇరవై పంపి కూడా ఒక్క పనీ దక్కకపోతే అది ఆమె దురదృష్టమూ కాదు, చేతగానితనమూ కాదు. కనీసం ఒక పని దొరుకుతుందని నూటికి 90 పాళ్ల భరోసా కావాలంటే ఆమె 45 పంపవలసి ఉంటుంది.

అయితే 45 పంపేయమని సలహా చెప్పి ఊరుకోవడానికి వీలులేదు. అదే లెక్క ప్రకారం ఆ 45లో రెండు గాని, అంతకు మించి గాని ఫలించే అవకాశం దాదాపు మూడింట రెండు వంతులు. రోజుకు రెండు వేల పదాలు శ్రద్ధగా అనువదించగలిగే మనిషికి, ముప్పై వేల పదాల పనులు రెండు ఒకే గడువుతో వచ్చిపడితే, ఒకే ముహూర్తానికి రెండు పెళ్లిళ్ల బయానా పుచ్చుకున్న సన్నాయి మేళగాడి పరిస్థితి ఏర్పడుతుంది. పని దొరకకపోతే ఒక నెల ఆదాయం పోతుంది. ఒప్పుకున్న పని ఎగ్గొడితే ఆ క్లయింటు మళ్లీ ముఖం చూడడు.

అందుచేత మొత్తం సంఖ్య ఎంతైనా, ఒకేసారి పంపకుండా విడతలుగా పంపడం మేలని నా అభిప్రాయం. ఐదో ఆరో పంపి, కొన్ని రోజులు చూసి, జవాబులను బట్టి తరువాతి విడత పెంచడమో తగ్గించడమో చేయవచ్చు. ఇలా చేస్తే 45 అనేది ఆఖరి హద్దుగా ఉంటుందే తప్ప, పూర్తి చేసి తీరవలసిన కోటా కాదు.

ఇక ఇరవైకి ఒకటి అన్న పాలు మారనిదేమీ కాదు. తనకు నిజంగా తగిన పనులనే ఏరుకుని ఆ పాలును పదికి ఒకటి చేసుకోగలిగితే, పది దరఖాస్తులతోనే మునుపటి ఇరవైకి సమానమైన ఫలితం వస్తుంది. తగిన పని అంటే తనకు చేతనైన పని అని మాత్రమే కాదు. ఫ్రీలాన్సర్లనూ క్లయింట్లనూ కలిపే అప్‌వర్క్ వంటి ఆన్‌లైన్ వేదికలలో, ప్రకటన ఇచ్చిన క్లయింటు ఇంతకుముందు ఎంత ఖర్చుపెట్టాడో, పెట్టిన ప్రకటనలలో ఎన్నింటికి నిజంగా మనుషులను తీసుకున్నాడో కనబడుతుంది. పది ప్రకటనలిచ్చి రెండింటికే మనిషిని తీసుకున్న క్లయింటు దగ్గర, ఎంత నేర్పరికైనా అవకాశం ముందే ఐదో వంతుకు పడిపోయినట్టే. పైగా ఆ వేదిక మీద ప్రతి దరఖాస్తుకూ కనెక్ట్స్ అనే టోకెన్లు ఖర్చవుతాయి. క్లయింటు మరొకరిని తీసుకున్నంత మాత్రాన అవి తిరిగి రావు.

టోకెన్ల కన్నా పెద్ద ఖర్చు కాలం. ఒక పని పదివేల రూపాయలది, నలభై గంటలు పడుతుంది అనుకుంటే గంటకు 250 రూపాయలు గిట్టుబాటు అవుతుందని సంతోషిస్తాం. దానిని సంపాదించడానికి గంటకొకటి చొప్పున ఇరవై దరఖాస్తులు రాసి ఉంటే, నిజంగా పడింది అరవై గంటలు, గిట్టింది గంటకు 167 రూపాయలు. డబ్బివ్వకుండా చేయించుకునే నమూనా అనువాదాలను కూడా ఈ గంటలలోనే కలుపుకోవాలి. కాబట్టి చిన్న పనులు ఎక్కువ దరఖాస్తుల బరువును మోయలేవు. ఆరు నెలలు సాగే కాంట్రాక్టు మోస్తుంది.

పైన చెప్పిన లెక్కలన్నీ ఒక్కొక్క దరఖాస్తు ఫలితం మిగతావాటితో సంబంధం లేకుండా తేలుతుందని అనుకుని వేసినవి. వాస్తవంలో మార్కెట్ మందగిస్తే అన్నీ కలిసే మందగిస్తాయి. అమెరికా క్లయింట్ల మీద ఆధారపడినవారికి డిసెంబరు ఆఖరు వారాలు ఎలా గడుస్తాయో తెలిసే ఉంటుంది. అటువంటప్పుడు సంఖ్య రెట్టింపు చేయడం కన్నా పాత క్లయింట్లకు నాలుగు ఉత్తరాలు రాయడం ఎక్కువ ఫలితమిస్తుంది. పనితనం తెలిసినవారి విషయంలో ఇరవైకి ఒకటి అన్న పాలు వర్తించదు.

ఎన్ని పంపాలన్నది ఎప్పుడు మొదలుపెట్టాలన్న దానితో ముడిపడి ఉంది. పని దొరికాక డబ్బు చేతికి రావడానికీ కాలం పడుతుంది. ఉద్యమ్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసుకున్న సూక్ష్మ, చిన్న సంస్థలకు, ఒప్పందంలో ఏమి రాసుకున్నా 45 రోజులకు మించి బాకీ ఉంచరాదని 2006 నాటి చట్టం చెబుతున్నది. ఆ గడువు తప్పకుండా అమలైనా సరే, ఈరోజు పంపిన దరఖాస్తు డబ్బుగా మారడానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు. అందువల్ల చేతినిండా పని ఉన్న వారాలలో కూడా రెండు మూడు పంపుతూ ఉండడం, వాటిలో ఏ తేదీ నుంచి ఖాళీగా ఉంటారో స్పష్టంగా రాయడం మంచిది. ఆ తేదీదాకా ఆగలేని క్లయింటు మొదటి ఉత్తరంతోనే తప్పుకుంటాడు. ఆగగలిగినవాడితో రేటు మాట్లాడుకోవడానికి తీరిక దొరుకుతుంది.