మిర్చి యార్డు హమాలీ అడిగిన ప్రశ్న

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా పలకరించడం మర్యాద. కానీ చెప్పవలసిన మాట ఏళ్ల తరబడి నా గుండెలో ఉంది. మన్నించండి.

తెలివితేటలకు జన్యువులు వెతుకుతున్న శాస్త్రవేత్తల గురించి మాట్లాడమన్నారు. ముందు మన గుంటూరు మాట చెబుతాను. మిర్చి యార్డులో బస్తాలు మోసే ఆయన ఒక సాయంత్రం బ్రాడీపేటలోని మా ఇంటికి వచ్చారు. చొక్కా భుజం మీద ఎర్రగా కారం పొడి. ఘాటుకు పిల్లలు తుమ్ముతారని గుమ్మం దాటలేదు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో నాలుగు మడతలు పెట్టిన కొడుకు మార్కుల కాగితం. ఇంటర్ చదివే ఆ అబ్బాయిని చివరి సెక్షన్‌కు మార్చి, ‘ఇది రక్తంలో ఉండాలండీ’ అన్నారట కాలేజీలో. ‘మేష్టారూ, మీరు జంతుశాస్త్రం చెబుతారు కదా, మా రక్తంలో చదువు లేదా?’ అని అడిగారు.

‘అదేం లేదులెండి’ అని పంపేశాను. అది సమాధానమా?

1998లో ప్రవర్తనకూ జన్యువులకూ ఉన్న సంబంధాన్ని పరిశోధించే రాబర్ట్ ప్లోమిన్ బృందం ఆరో క్రోమోజోము మీది ఒక జన్యువుకు తెలివితో సంబంధం ఉందని ప్రకటించింది. 2002లో ఇంకా ఎక్కువమందిలో చూస్తే అది నిలవలేదు. ఆ మాట చెప్పింది కూడా వాళ్లే. శాస్త్రం మీద నాకు గౌరవం అందుకే. 2013లో తెలివికి బదులు చదువును తీసుకుని లక్షా పాతిక వేలమందిని పరిశీలిస్తే, ఎంత చదివారన్నదానితో ముడిపడిన జన్యు తేడాలు మూడు దొరికాయి. ఒక్కొక్కదాని ప్రభావం సుమారు ఒక నెల చదువు. వినండి, ఒక నెల! 2018లో 11 లక్షలమందిని చూస్తే అలాంటివి 1,271 తేలాయి. లక్షల తేడాలను కలిపి లెక్కకట్టినా, మనుషుల చదువుల్లో ఉన్న వ్యత్యాసంలో 11 నుంచి 13 శాతం దాకానే అందింది. అదీ ఐరోపా సంతతివారిలో.

వంశపారంపర్యం లేదని నేను అనడం లేదు. కవలల అధ్యయనాలు దాని పాత్ర గట్టిదే అంటున్నాయి. అయితే అది జనంలోని తేడాల లెక్క. ఒక పిల్లవాడి నుదుట రాసిన రాత కాదు.

ఈ సభలో కాలేజీ అధ్యాపకులు చాలామంది ఉన్నారు. అమ్మా, అయ్యా, వారం వారం పరీక్ష పెట్టి సెక్షన్లు మార్చే మీరు ‘రక్తంలో ఉండాలి’ అన్న మాట ఏ పరిశోధన చూసి అన్నారు? ఏ జన్యువు చూశారు?

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. 2018లోనే ఐస్‌లాండ్ పరిశోధకులు తల్లిదండ్రుల నుంచి బిడ్డకు సంక్రమించని జన్యువులను లెక్కకట్టారు. బిడ్డ ఒంట్లో లేని ఆ జన్యువుల జాడ కూడా బిడ్డ చదువులో కనిపించింది. రక్తం ద్వారా కాదు, ఆ జన్యువులున్న తల్లిదండ్రుల పెంపకం ద్వారా. అది చదివిన రాత్రి మా గుమ్మంలో నిలబడిన ఆ మనిషే గుర్తొచ్చారు. రోజంతా బస్తాలు మోసి, కొడుకు కోసం ఆ కవరు పట్టుకుని వచ్చారాయన.

ఆయన పేరు నేను అడగలేదు. మీలో ఎవరికైనా ఆయన తెలిసి ఉంటే నాకు చెప్పండి. ఈసారి నేనే వాళ్ల ఇంటికి వెళ్తాను. ఆయనకు సమాధానం బాకీ ఉన్నాను.