వంగ, మిరప నారు కదలకుండా అట్లాగే ఉందా?

(మిద్దె మీద, పొద్దున ఏడు గంటలు. వెనక మంచు పట్టిన శేషాచలం కొండలు.)

నమస్కారం. తిరుపతిలో మా మిద్దె మీద నుంచి మాట్లాడుతున్నా. ఈ రెండు ట్రేలు చూడండి. ఒకదాంట్లో టమాటా, ఇంకోదాంట్లో మిరప. రెంటికీ ఒకే రోజు గింజలు వేశాను, ఇవాళ్టికి 25 రోజులు. టమాటా నాటడానికొచ్చేసింది. మిరప ఇంకా రెండాకుల మీదే ఉంది.

"అన్నా, విత్తనం మంచిది కాదా?" అని కొందరు అడుగుతున్నారు. విత్తనం తప్పేం లేదు. ఈ జాతే నిదానం. టమాటా నారు 25 రోజులకు నాటుకుంటే, వంగకు 30 నుంచి 35, మిరపకు 40 నుంచి 45 రోజులు పడుతుంది.

కానీ పది రోజులైనా ఒక్క కొత్త ఆకూ రాలేదంటే మాత్రం పట్టించుకోవాల్సిందే. చలికాలంలో నేను ముందు అనుమానించేది వేరు దగ్గరి చలిని. వీటికి మట్టి 25 నుంచి 30 డిగ్రీలు ఉండాలి. 15కి దిగితే ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. పలమనేరు, కుప్పం వైపు రాత్రిళ్లు మనకన్నా చలి ఎక్కువ కదా, అక్కడివాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

(దగ్గరగా: ఆకు తిప్పి అడుగు భాగం చూపించాలి.)

ఈ ఊదారంగు చూశారా? భాస్వరం అందకపోతే ఇట్లా వస్తుంది. మట్టిలో భాస్వరం ఉన్నా చల్లబడ్డ వేరు దాన్ని తీసుకోలేకపోతోంది. దీన్ని చూసి భాస్వరం ఉండే డీఏపీ ఎరువు వేస్తారు కొందరు. దయచేసి వేయకండి, లేత వేరు మాడిపోతుంది.

నీళ్ల సంగతి మరీ ముఖ్యం. పోయినేడు నారు ఎదగట్లేదని పొద్దునా సాయంత్రం పోశాను. మట్టిని ఆనుకున్న చోట కాండం దారంలా సన్నబడి, మొక్కలు ఒక్కొక్కటే పక్కకు ఒరిగిపోయాయి. నారుకుళ్లు తెగులు. సగం ట్రే పోయింది, చాలా బాధేసింది. ఇప్పుడు ట్రే చేత్తో ఎత్తి చూస్తా. తేలిగ్గా ఉంటేనే నీళ్లు, అవీ పొద్దున, కాస్త గోరువెచ్చగా. సాయంత్రం అసలు పోయను.

ట్రేని సిమెంటు నేల మీద పెట్టకండి. కింద థర్మోకోల్ ముక్క వేసి, ఎండ బాగా తగిలే గోడ పక్కన పెట్టండి. పగలు కాగిన గోడ రాత్రి కొంతసేపు వెచ్చదనం ఇస్తుంది. రాత్రికి పైన గోనెసంచి పరిచి, తెల్లారగానే తీసేయండి. వెలుతురు చాలకపోతే మొక్క పొడుగ్గా సాగి బలం లేకుండా పోతుంది.

మొలకతో వచ్చే మొదటి జత కాకుండా రెండు అసలు ఆకులు వచ్చాక, వారానికోసారి లీటరు నీళ్లకు ఒక గ్రాము 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే, నీళ్లలో కరిగే ఎరువు) చాలు. ఆకులు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి అనుకోండి. వాటి మందుల గురించి వేరే వీడియో చేస్తా.

(దగ్గరగా: గుంటలోంచి ఒక మొక్కను మట్టిగడ్డతో సహా తీయాలి.)

వేర్లు తెల్లగా గడ్డ చుట్టూ తిరిగాయి. అంటే చోటు చాలట్లేదు. అడుగున చిల్లి పెట్టిన పేపరు కప్పులో కొబ్బరి పొట్టు, వర్మికంపోస్టు సగం సగం కలిపి దీన్ని మార్చేస్తున్నా. టమాటాలా కాండాన్ని లోతుగా పూడ్చకండి, ఇంతకు ముందున్న మట్టం వరకే.

(థర్మోకోల్ మీద పెట్టిన ట్రే.)

ఇది పోయిన వారం దాకా కదల్లేదు. మధ్యలో చూడండి, రెండు చిన్న ఆకులు చేతులు జోడించినట్టు వస్తున్నాయి.